నమీబియా తీర ఎడారిలో వన్యప్రాణులను చూడటం: ఐదు రోజులకు వచ్చే కుటుంబానికి నా సలహా

మీ ప్రశ్నలో ఉన్నది ఇది. అక్టోబరు చివరి వారంలో ఐదు రోజులు వాల్విస్ బే, స్వాకోప్‌మండ్ అనే తీరపు ఊళ్ల చుట్టుపక్కల ఉంటారు. వెంట పన్నెండేళ్ల అబ్బాయి, ఎనిమిదేళ్ల పాప, అరవై ఎనిమిదేళ్ల అమ్మగారు. ఇసుక దిబ్బల మీద క్వాడ్ బైకులు (నాలుగు చక్రాల బైకులు) తీసుకోవాలా, గైడ్‌తో ఎడారి టూర్‌కి వెళ్లాలా? ఉత్తరాన ఉన్న స్కెలిటన్ కోస్ట్ తీరంలో సింహాలు కనిపిస్తాయా? ఇవన్నీ చూస్తూ అక్కడి ప్రాణులకు హాని చేయకుండా ఉండటం ఎలా?

నేను పద్నాలుగేళ్లుగా వాల్విస్ బేలో ఉంటున్నాను. ఉద్యోగం ఓడరేవు పనుల్లో. సెలవు రోజులు మాత్రం దాదాపు అన్నీ ఈ ఎడారిలో, ఈ తీరం మీదే గడిచాయి. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను: క్వాడ్ బైకులు వద్దు. సింహాల మీద ఆశ పెట్టుకుని రావద్దు. రెండు ఉదయాలు మంచి గైడ్‌కి, ఒక ఉదయం సముద్రానికి, ఒక రోజు సీల్ జంతువులు గుంపులుగా చేరే కేప్ క్రాస్‌కి ఇవ్వండి. సాయంత్రాలన్నీ వాల్విస్ బే లగూన్ (సముద్రపు ఉప్పు నీటి మడుగు) ఒడ్డున గడపండి. ఇక కారణాలు.

ఈ ఎడారి అర్థం కావాలంటే ముందు సముద్రంలో చెయ్యి పెట్టి చూడాలి. నీళ్లు జివ్వుమంటాయి. దక్షిణం నుంచి వచ్చే బెంగ్వెలా ప్రవాహం వల్ల ఇక్కడ నీరు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. తీరం వెంబడి వీచే గాలి పైనీటిని సముద్రం లోపలికి నెట్టేస్తుంటే, అడుగునున్న చల్లని నీరు పోషకాలను మోసుకుంటూ పైకి వస్తుంది. దాని మీద ప్లాంక్టన్ అనే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, వాటి మీద చేపలు, చేపల మీద సీళ్లు, పక్షులు, డాల్ఫిన్లు. అదే చల్లదనం వల్ల గాలి పైకి లేవలేక వాన కురవదు. ఈ తీరంలో ఏడాదికి సగటున 20 మిల్లీమీటర్ల వాన కూడా ఉండదు. అంటే సముద్రంలో అంత జీవం ఉండటానికీ, ఒడ్డున ఇంత ఎండు నేల ఉండటానికీ కారణం ఒక్కటే. ఆ రెంటినీ కలిపేది పొగమంచు. చల్లని నీటి మీద పుట్టి తెల్లవారుజామున పదుల కిలోమీటర్లు లోపలికి వెళ్తుంది. ఎడారిలో చాలా ప్రాణులు తాగేది దాన్నే.

అందుకే పొద్దున లేవగానే కిటికీ బయట ఏమీ కనిపించకపోతే ఈ రోజు పాడైందని టెన్షన్ పడకండి. అలాంటి రోజే బయటికి వెళ్లాలి.

ఇక క్వాడ్ బైకుల సంగతి. ఇక్కడ మీకు నా తప్పొకటి చెప్పాలి. వచ్చిన మొదటి ఏడాదే ఒక ఆదివారం, స్నేహితుడి ఫోర్ బై ఫోర్‌లో స్వాకోప్‌మండ్‌కి ఉత్తరాన కంకర మైదానంలోకి వెళ్లాం. ఎదురుగా అప్పటికే రెండు టైర్ల జాడలు కనిపించాయి. ఎవరో వెళ్లారు కదా, మనమూ వెళ్దాం అనుకుని రోడ్డు దిగాం. నేల బల్లపరుపుగా ఉంది, గడ్డి పరక కూడా లేదు, ఏం పాడవుతుంది అనుకున్నాం. ఓ నాలుగు వందల మీటర్లు వెళ్లి, ఫోటోలు తీసుకుని, గుండ్రంగా తిరిగి వచ్చేశాం. ఆ గుండ్రం ఇప్పటికీ అక్కడ ఉంది. ఆ దారిన వెళ్లినప్పుడల్లా చూస్తాను. అంచులు కొంచెం మెత్తబడ్డాయి, అంతే.

ఆ మైదానం మీద జిప్సం కలిసిన పలుచని పైపొర ఉంటుంది. దాని మీద, గులకరాళ్ల మీద లైకెన్లు అనే, నాచులాంటి జీవులు అంటిపెట్టుకుని పెరుగుతాయి. దూరం నుంచి తుప్పు పట్టిన మరకల్లా కనిపిస్తాయి. ఎండలో ముడుచుకుని చచ్చినట్టు ఉంటాయి. పొగమంచు తడి తగిలితే నిమిషాల్లో విచ్చుకుని రంగు తిరుగుతాయి. వాటి పెరుగుదల ఎంత నెమ్మదో చెప్పలేను. వాన లేదు కాబట్టి టైరు విరిచిన పైపొరను మళ్లీ కలిపే నీళ్లూ లేవు. స్వాకోప్ నదికి అవతల వెల్విచియా మొక్కలు చూపించే దారిలో, 1915లో దక్షిణాఫ్రికా సైన్యం విడిది చేసిన చోటు ఉంది. ఆ గుర్తులు ఇంకా కనిపిస్తాయి. వందేళ్లు దాటింది. ఇక్కడ నేల అలాంటిది.

దిబ్బల ఇసుక వేరు, గాలి రాత్రికి రాత్రే జాడలు చెరిపేస్తుంది అని క్వాడ్ బైకులు నడిపేవాళ్లు అంటారు. అందులో నిజం ఉంది. లైసెన్స్ ఉన్నవాళ్లు కేటాయించిన చోట్లే తిప్పుతారు కూడా. కానీ దిబ్బల మధ్య ఉండే చదును పలకలు ఇసుక కావు, అవీ కంకర నేలే. పైగా దిబ్బ పాదం దగ్గర, గాలికి కొట్టుకొచ్చిన ఎండుగడ్డి నలుసులు చిన్న చిన్న కుప్పలుగా పేరుకుని ఉంటాయి. చూడటానికి చెత్తలా ఉంటాయి. దిబ్బల్లో పెంకు పురుగులకు అన్నం అదే. ఆ పురుగుల మీద బల్లులు, బల్లుల మీద పాములు బతుకుతాయి. పిల్లలకు దిబ్బ ఎక్కి జారాలని ఉంటే వాల్విస్ బే బయట డ్యూన్ సెవెన్ అనే పెద్ద దిబ్బ ఉంది. కాళ్లతో ఎక్కనివ్వండి. అలసిపోయి హాయిగా నిద్రపోతారు.

ఇంకో కారణం నాకు అన్నిటికన్నా ముఖ్యం. డమారా టెర్న్ అని అరచేతిలో పట్టేంత ఒంటితో, నల్ల టోపీ పెట్టుకున్నట్టుండే చిన్న సముద్రపు పక్షి ఉంది. ప్రపంచంలో ఉన్నవాటిలో అత్యధిక భాగం గుడ్లు పెట్టేది ఈ నమీబియా తీరంలోనే. మిగతా నెలలు పశ్చిమాఫ్రికా తీరానికి వెళ్లిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో తిరిగి వచ్చి, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. గూడు అంటూ ఏమీ ఉండదు. కంకర నేల మీద చిన్న గుంట, అందులో కంకర రంగులోనే గుడ్డు. నక్కలు ఒడ్డు వెంబడి తిరుగుతాయని, వాటికి దూరంగా కొన్నిసార్లు సముద్రం నుంచి కిలోమీటర్ల లోపలికి వచ్చి మరీ పెడుతుంది. ఆ లోపలి నేల బండ్లు తిరిగే నేల. స్వాకోప్‌మండ్‌కి దక్షిణాన కాషన్ రీఫ్ దగ్గర అవి గుడ్లు పెట్టే చోటును బండ్లు రాకుండా మూసేశారు. ఆ కంచెలు, బోర్డులు కనిపిస్తే అవతలికి అడుగు వేయకండి. ఎక్కడైనా మీ తల మీద ఒక చిన్న తెల్లని పక్షి కీచుమంటూ తిరుగుతుంటే గుడ్డుకి దగ్గరగా వచ్చారని అర్థం. కింద చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. మీరు వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే కాబట్టి ఇంత వివరంగా చెప్తున్నాను.

గైడ్‌తో వెళ్లే ఎడారి టూర్ సంగతికి వద్దాం. ఇక్కడి గైడ్లు చిన్న ప్రాణుల్లో ఐదింటికి లిటిల్ ఫైవ్ అని పేరు పెట్టుకున్నారు. పాల్మాటో బల్లి, పక్కకి పాకే చిన్న విషసర్పం, నమాక్వా ఊసరవెల్లి, పార ముక్కు బల్లి, డ్యాన్సింగ్ వైట్ లేడీ అనే సాలీడు. టూరు సగం పూట ఉంటుంది, ఉదయం ఎనిమిది ప్రాంతంలో మొదలవుతుంది. అమ్మగారు ఎక్కువసేపు బండిలోనే కూర్చుని చూడొచ్చు, నడక చాలా తక్కువ.

నేను చూసినవాటిలో ఒక్కటి చెబుతాను. ఒక ఆగస్టు ఉదయం, పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. గైడ్ బండి ఆపి, నాణేల్లాంటి గుండ్రటి ఆకులున్న డాలర్ బుష్ అనే పొద పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. మాకేమీ కనిపించలేదు. ఆయన వేలు చూపించిన చోట ఓ ఊసరవెల్లి, నేల మీదే, సూర్యుడి వైపు పక్కకి తిరిగి నిలబడి ఉంది. ఎండ తగిలే వైపు ఒళ్లంతా బొగ్గులా నల్లగా ఉంది. గైడ్ మమ్మల్ని నెమ్మదిగా రెండో వైపుకి తీసుకెళ్లాడు. ఆ వైపు లేత బూడిద రంగు. ఒకే ఒంటికి రెండు రంగులు. చలికి బిగుసుకున్న ఒంటిని వేడి చేసుకోవడానికి ఎండ వైపు నలుపు తెచ్చుకుంటుంది, మధ్యాహ్నం వేడెక్కాక తెల్లబడిపోతుంది. అరగంట అక్కడే కూర్చున్నాం. కాసేపటికి అది కదిలింది, ఆగుతూ ఊగుతూ పది అడుగులు వేసి, ఉన్నట్టుండి నాలుక చాపింది. మాకు అందింది ఒక్క టక్కుమనే శబ్దమూ, దాని నోటి అంచున పెంకు పురుగు కాళ్లూ. ఆ అరగంటలో ఇంకో బండి వచ్చి, ఆగి, ఫోటో తీసుకుని, మూడు నిమిషాల్లో వెళ్లిపోయింది. వాళ్లకు ఊసరవెల్లి కనిపించింది. రెండు రంగులు కనిపించి ఉండవు.

అందుకే గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఎన్ని ప్రాణులు చూపిస్తారని అడగకండి. బండిలో ఎంతమంది ఉంటారు, వెళ్లిన దారినే తిరిగి వస్తారా, ఊసరవెల్లి నాలుక చూపించడానికి పురుగులు వేస్తారా, పాల్మాటో బల్లిని తవ్వి తీస్తే ఏం చేస్తారు అని అడగండి. ఆ బల్లి రాత్రి పూట తిరిగేది. వేళ్ల మధ్య బాతుకు ఉన్నట్టు పొర ఉంటుంది, లోపలి అవయవాలు కనిపించేంత పలుచని చర్మం, కనురెప్పలు ఉండవు కాబట్టి కళ్లను నాలుకతో తుడుచుకుంటుంది. పగలు ఇసుకలో పడుకుంటుంది. ఎండలో చేతులు మార్చుకుంటూ ఫోటోలు తీస్తే దానికి ప్రాణం మీదికి వస్తుంది. మంచి గైడ్ నీడ పట్టి, ఒక్క నిమిషం చూపించి, తానే గుంత చేసి లోపలికి పంపి, ఇసుక కప్పుతాడు. ఇంకా మంచి గైడ్ దాన్ని తవ్వడు, దాని జాడ చూపించి కథ చెప్తాడు. మీ పాపకు చేతిలో పెట్టుకోవాలని ఉంటుంది, వద్దని ముందే చెప్పి తీసుకురండి.

జాడలు చదవడం పిల్లలకు ఎంతో ఇష్టమవుతుంది. పక్కకి పాకే పాము దిబ్బ మీద వదిలిన గీతలు ఒకదాని కింద ఒకటి, ఏటవాలుగా, ఒకదానితో ఒకటి కలవకుండా ఉంటాయి. ఆ పాము జానెడు పొడవు కన్నా పెద్దగా ఎక్కువ ఉండదు. కళ్లు తల పైభాగాన ఉంటాయి కాబట్టి ఒళ్లంతా ఇసుకలో దాచి కళ్లు మాత్రమే బయట పెట్టి, తోక కొసను పురుగులా ఆడిస్తూ బల్లుల కోసం కాచుకుంటుంది. విషం ఉంది, కాబట్టి దిబ్బ పొదల్లో చెప్పులు లేకుండా తిరగనివ్వకండి. పొగమంచు ఒంటి మీద చేరినప్పుడు ఆ బొట్లను నాకి తాగుతుంది. టాక్‌టాకీ అని పిలిచే పెంకు పురుగులు జత కోసం పొట్టతో నేల మీద కొడతాయి, ఆ చప్పుడే వాటి పేరైంది. వాటిలో ఒక రకం పొగమంచు రోజున దిబ్బ శిఖరం ఎక్కి, గాలికి ఎదురుగా తల కిందికి, వెనక భాగం పైకి పెట్టి నిలబడుతుంది. ఒంటి మీద చేరిన నీరు జారి నోట్లోకి వస్తుంది. ఒక్క ఉదయంలో తన బరువులో మూడో వంతు దాకా నీళ్లు తాగగలదని 1976లోనే పరిశోధకులు తూచి చూపించారు. ఈ పరిశోధనలన్నిటికీ కేంద్రం కుయిసెబ్ నది ఒడ్డున 1962 నుంచి ఉన్న గోబాబెబ్ స్టేషన్. అక్కడ నిలబడితే ఒక వైపు కంకర మైదానం, ఇంకో వైపు ఇసుక సముద్రం, మధ్యలో ఎప్పుడో తప్ప నీళ్లు పారని నది కనిపిస్తాయి. ఆ ఎండు నదే దిబ్బలు ఉత్తరానికి జరగకుండా ఆపుతోంది. నది పొడవునా టోప్నార్ ప్రజలు ఉంటారు. ఆకులు లేని ముళ్ల పొదలకు కాసే నారా కాయలు వాళ్ల తరతరాల ఆహారం. పొదల దగ్గరికి వెళ్లి కాయలు తెంపకండి, మనుషుల ఫోటోలు అడగకుండా తీయకండి. ఎవరూ లేనట్టు కనిపించినా అది వాళ్ల ఊరు.

రెండో ఉదయం వెల్విచియా దారికి పెట్టుకోండి. పర్మిట్ పర్యావరణ శాఖ ఆఫీసులో ముందే తీసుకోవాలి, దారిలో ఇవ్వరు. 1859లో అంగోలాలో వెల్విచ్ అనే వృక్షశాస్త్రవేత్త కంటబడి ఆయన పేరు తెచ్చుకున్న మొక్క ఇది. పుట్టిన దగ్గర నుంచి చచ్చేదాకా రెండే ఆకులు. అవే చిరిగి, మెలికలు తిరిగి, కుప్పలా కనిపిస్తాయి. పెద్దవాటి వయసు వెయ్యేళ్లు దాటుతుంది. వేళ్లు చాలావరకు పైపైనే చుట్టూ పరుచుకుని ఉంటాయి, అందుకే దగ్గరికి వెళ్లి తొక్కవద్దు. ఇది అమ్మగారికి బాగా నచ్చుతుందని నా నమ్మకం. నా దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లందరూ సీళ్ల కన్నా ఆ మొక్క దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు.

వాల్విస్ బే లగూన్ 1995 నుంచి రామ్‌సార్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో ఉంది. టికెట్ లేదు, పర్మిట్ లేదు, ఒడ్డు వెంబడి నడిచే దారి ఉంది. సైబీరియా వైపు నుంచి వచ్చే చిన్న ఉల్లంకి పిట్టలు మీరు వచ్చేసరికి దిగి ఉంటాయి. వేసవి నెలల్లో ఈ నీళ్ల మీద లక్షకు పైగా పక్షులు చేరతాయి. ఫ్లెమింగోలు రెండు రకాలు. పెద్ద రకం ముక్కు లేత గులాబీ, కొస మాత్రం నలుపు. చిన్న రకం ముక్కు ముదురు రంగు, ఒళ్లు ఇంకా ఎర్రగా ఉంటుంది. పెద్దవి బురదలో పురుగులు, చిన్న రొయ్యల్లాంటివి తింటే, చిన్నవి నీటి నాచును వడకట్టుకుంటాయి. అందుకే ఒకే చోట గొడవ లేకుండా మేస్తాయి. పాటు వేళ నీరు తగ్గాక బురద మీద గుండ్రటి పళ్లెం లాంటి గుర్తులు, మధ్యలో చిన్న దిమ్మె కనిపిస్తాయి. ఫ్లెమింగో ఒక్క చోట తల దించి, కాళ్లతో తొక్కుతూ చుట్టూ తిరిగితే ఏర్పడే గుర్తులవి. వాటిని మీ పిల్లలతో వెతికించండి, ఆ తర్వాత నీళ్లలో అదే పని చేస్తున్న పక్షిని చూపించండి.

పోటు ఎక్కుతున్న వేళ వెళ్తే మంచిది. బురద మునిగేకొద్దీ చిన్న పక్షులు ఒడ్డు దగ్గరికి జరుగుతాయి, మీరు బెంచీ మీద కూర్చుంటే చాలు, అవే వస్తాయి. వాటిని ఎగరగొట్టి ఫోటో తీయాలని మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టకూడదు. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి కడుపు నింపుకుంటున్న పక్షులు. అవి తినే నిమిషాలు లెక్కే. డ్రోన్ తెచ్చే ఆలోచన ఉంటే ఇంట్లోనే వదిలేయండి.

సముద్రం మీదికి పడవలో వెళ్లేది ఉదయమే. మధ్యాహ్నం నైరుతి గాలి లేస్తుంది, అమ్మగారికి పడవ ఊపు ఇబ్బంది అవుతుంది. పెలికన్ పాయింట్ అనే ఇసుక కొస దాకా తీసుకెళ్తారు. బెంగ్వెలా నీళ్లలో తప్ప వేరే చోట కనిపించని హెవిసైడ్స్ డాల్ఫిన్లు, బాటిల్‌నోస్ డాల్ఫిన్లు చూడొచ్చు. అదృష్టం ఉంటే పళ్లెంలా తేలే సన్‌ఫిష్ కూడా. హంప్‌బ్యాక్ తిమింగలాలు జూలై నుంచి నవంబరు దాకా ఈ దారిన వెళ్తుంటాయి, కాబట్టి మీకు అవకాశం ఉంది. ఒక్క విషయంలో జాగ్రత్త. కొన్ని పడవల్లో చేపలు చూపించి సీళ్లను పడవలోకి ఎక్కిస్తారు, గూడబాతులకు గాల్లోకి చేపలు విసురుతారు. పిల్లలు కేరింతలు కొడతారు, నిజమే. కానీ పడవ చప్పుడు వినగానే చేప వస్తుందని నేర్చుకున్న సీల్, రేపు చేపల పడవ దగ్గరికీ అలాగే వెళ్తుంది. అక్కడ దానికి వల, గేలం తాడు ఎదురవుతాయి. ఇంకో కారణం కూడా ఉంది. 2024లో పొరుగున దక్షిణాఫ్రికా తీరంలో సీళ్లకు రేబిస్ ఉన్నట్టు బయటపడింది. మచ్చిక సీల్ అని ఎవరు చెప్పినా పిల్లల చేతులు దాని దగ్గరికి పోనివ్వకండి. మేత వేయరు కదా అని బుక్ చేసే ముందే అడగండి. ఇలా అడిగేవాళ్లు పెరిగితే పడవల వాళ్లూ మారతారు, ఆ మార్పు నేను కొంత చూశాను కూడా.

పన్నెండేళ్ల అబ్బాయితో మీరు పెలికన్ పాయింట్ దగ్గర ఇద్దరు కూర్చునే కయాక్ ఎక్కొచ్చు. మోటారు లేదు, చప్పుడు లేదు. సీల్ పిల్లలు తామే దగ్గరికి వచ్చి చుట్టూ దూకుతూ ఆడతాయి. అవి వస్తే రానివ్వండి, మీరు వాటి వైపు తెడ్డు వేయకండి, చెయ్యి చాచకండి. మెడకు గేలం తాడో, ప్యాకింగ్ పట్టీనో బిగుసుకున్న సీల్ కనిపిస్తే చోటు గుర్తుపెట్టుకుని గైడ్‌కి చెప్పండి. ఓషన్ కన్సర్వేషన్ నమీబియా అనే సంస్థ వాళ్లు వాటిని పట్టి ఆ తాళ్లు కోసి వదిలే పని చేస్తున్నారు. మీ అంతట మీరు ప్రయత్నించవద్దు.

కేప్ క్రాస్ స్వాకోప్‌మండ్‌కి ఉత్తరాన 120 కిలోమీటర్ల దూరం. హెంటీస్ బే ఊరు దాటాక దారి ఉప్పు రోడ్డు. జిప్సం మట్టిని ఉప్పు నీటితో తడిపి గట్టిపరిచిన రోడ్డు అది. ఎండలో తారు రోడ్డులా ఉంటుంది, పొగమంచుకి తడిస్తే జారుతుంది. లైట్లు వేసుకుని నెమ్మదిగా నడపండి. 1486లో పోర్చుగీసు నావికుడు డియోగో కావ్ ఇక్కడ రాతి శిలువ నాటాడు. అసలుదాన్ని 1893లో జర్మనీకి తీసుకుపోయారు, ఇప్పుడు అక్కడున్నవి దాని ప్రతిరూపాలు.

వాసన గురించి అందరూ హెచ్చరిస్తారు, నేనూ హెచ్చరిస్తాను. అమ్మగారికి వాసన పడకపోతే బలవంతం చేయకండి. అక్టోబరు చివరికి పెద్ద మగ సీళ్లు ఒడ్డుకి చేరి చోట్ల కోసం పోట్లాడుకుంటూ ఉంటాయి. పిల్లలు పుట్టేది నవంబరు, డిసెంబరు నెలల్లో. అప్పుడు ఈ ఒడ్డున రెండు లక్షల దాకా సీళ్లు ఉంటాయి. మీ ప్రయాణం మూడు వారాలు ఆలస్యంగా పెట్టుకోగలిగితే పెట్టుకోండి. తిమింగలాలు తగ్గుతాయి గానీ తల్లి, పిల్ల కలుసుకునే దృశ్యం దొరుకుతుంది. సముద్రం నుంచి తిరిగి వచ్చిన తల్లి నీటి అంచున ఆగి అరుస్తుంది. గొర్రె అరుపులా ఉంటుంది. వేల అరుపుల మధ్య ఎక్కడి నుంచో ఒక పిల్ల బదులు పలుకుతుంది. ఇద్దరూ అరుచుకుంటూ, మధ్యలో వేరే తల్లుల కాట్లు తప్పించుకుంటూ దగ్గరవుతారు. చివర్లో తల్లి పిల్ల ముక్కుకి ముక్కు ఆనించి వాసన చూస్తుంది. తనదైతే పడుకుని పాలు ఇస్తుంది, కాకపోతే విదిలించి కొట్టి మళ్లీ అరవడం మొదలుపెడుతుంది. నేనొకసారి గడియారం చూసుకుంటూ నిలబడ్డాను, ఒక తల్లికి నలభై నిమిషాలు పట్టింది.

చెక్క వంతెన మీదే ఉండండి, రెయిలింగ్ బయటికి వంగకండి. మనుషులు తొందరగా కదిలితే గుంపు బెదిరి నీళ్లలోకి పరుగెడుతుంది, ఆ తొక్కిడిలో సీల్ పిల్లలు నలిగిపోతాయి. అంచున నక్కలు కాచుకుని ఉంటాయి, అది వాటి బతుకు. ఇంకొక నిజం మీకు ముందే తెలియాలి. ప్రభుత్వ అనుమతితో ఏటా జూలై నుంచి నవంబరు మధ్య దాకా ఇక్కడ సీళ్ల వేట ఉంటుంది. సందర్శకులు వచ్చే వేళకు అది కనపడనివ్వరు. నాకు అది బాధ కలిగిస్తుంది. చేపల పరిశ్రమ వాదన వేరుగా ఉంటుంది. పిల్లలు గేటు దగ్గర ఎవరి నోటో వినేకన్నా మీరే చెప్పడం మేలు.

ఇక సింహాలు. అవును, ఎడారి సింహాలు ఉన్నాయి. ఒకప్పుడు తీరం నుంచి పూర్తిగా పోయాయి. మళ్లీ వచ్చి, సముద్రపు పక్షులను, సీళ్లను వేటాడటం నేర్చుకున్నాయి. దాని మీద పరిశోధన పత్రం 2019లో వచ్చింది. కానీ అవి ఎక్కువగా తిరిగేది స్కెలిటన్ కోస్ట్ పార్కు ఉత్తర భాగంలో. మామూలు సందర్శకులకు టెర్రేస్ బే దాటి దారి లేదు, అక్కడి నుంచి పైకి వెళ్లేది ప్రత్యేక అనుమతి ఉన్న క్యాంపుల విమానాలే. ఒక్కో సింహానికి వందల కిలోమీటర్ల తావు. ఐదు రోజుల్లో, పిల్లలతో, అద్దె కారులో వెతకడం కుదరదు. సముద్రపు ఒడ్డున తడి ఇసుక మీద కుక్క జాడ లాంటివి, ముందు కాళ్లవి పెద్దగా, వెనక కాళ్లవి చిన్నగా కనిపిస్తే అవి గోధుమ రంగు హైనావి. ఇక్కడివాళ్లు దాన్ని స్ట్రాండ్‌వోల్ఫ్ అంటారు, ఒడ్డు తోడేలు అని. నాకు ఆ జాడ దొరికిన రోజు సింహం దొరికినంత సంతోషం.

మరోసారి పది రోజులు పెట్టుకుని వస్తే లోపలి డమారాల్యాండ్ వైపు వెళ్లండి. 1996 చట్టం వల్ల అక్కడి ఊళ్లు కన్సర్వెన్సీలుగా ఏర్పడి, తమ నేల మీది వన్యప్రాణుల ద్వారా వచ్చే ఆదాయం తామే తీసుకుంటున్నాయి. టోర్రా కన్సర్వెన్సీ వాటిలో మొదటి తరానిది, 1998లో మొదలైంది. సింహం ఆవును తింటే నష్టపోయేది అక్కడి కాపరి. ఏనుగు నీళ్ల ట్యాంకు పగలగొడితే బాగు చేసుకునేది ఆ ఊరే. కాబట్టి రాత్రి బస కన్సర్వెన్సీ క్యాంపులోనే చేయండి, గైడ్‌ని అక్కడి ఊరివాళ్లలోంచే తీసుకోండి. మీ డబ్బు నేరుగా ఆ నష్టాన్ని మోసేవాళ్లకు చేరుతుంది. నల్ల ఖడ్గమృగం కనిపిస్తే ఫోటోలో లొకేషన్ ఉంచకండి, ఏ వాగు, ఏ కొండ అని ఎక్కడా రాయకండి. కొమ్ము కోసం వచ్చేవాళ్లూ అవే పోస్టులు చూస్తారు.

శాండ్‌విచ్ హార్బర్ గురించి మీరు అడగలేదు గానీ ఇక్కడికి వచ్చాక అందరూ చెప్తారు. వాల్విస్ బేకి దక్షిణాన 50 కిలోమీటర్లు, దిబ్బలు నేరుగా సముద్రంలోకి దిగే చోటు. చాలా అందంగా ఉంటుంది. అద్దె కారుతో మాత్రం వెళ్లవద్దు. ఒక వైపు దిబ్బ గోడ, ఇంకో వైపు అలలు, మధ్యలో పాటు వేళ మాత్రమే తేలే ఇసుక దారి. పోటు వచ్చేస్తే బండి వదిలి దిబ్బ ఎక్కడమే. పర్మిట్ ఉన్న డ్రైవరుతో, ఆటుపోట్ల సమయం చూసి బయలుదేరే వాళ్లతోనే వెళ్లండి. దిబ్బల మీద ఎగిరించి కిందికి దూకించే డ్రైవింగ్ వద్దని ఎక్కేముందే చెప్పండి, అమ్మగారి నడుము గురించి కూడా.

బట్టల విషయంలో చాలామంది మోసపోతారు. ఎడారి కదా అని పలుచని కాటన్‌తో దిగి మొదటి రోజే స్వెటర్ల కోసం షాపులకు పరుగెడతారు. తీరంలో ఉదయం బాగా చలి ఉంటుంది, యాభై కిలోమీటర్లు లోపలికి వెళ్తే మధ్యాహ్నం మాడిపోతుంది. పొరలు పొరలుగా వేసుకోండి. బైనాక్యులర్స్ ఇద్దరికి ఒకటి చొప్పున ఉండాలి, పిల్లలకు వేరేగా ఉంటేనే గొడవ ఉండదు. చెల్లింపులు నమీబియా డాలర్లలో. దక్షిణాఫ్రికా ర్యాండ్ కూడా అదే విలువకు తీసుకుంటారు, కానీ మిగిలిన నమీబియా నోట్లు దేశం దాటే ముందే మార్చేసుకోండి. ఒక్కోసారి ఊరంతా కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. సముద్రం అడుగు నుంచి గంధకం వాయువు లేచిన రోజది, హోటల్ డ్రైనేజీ అనుకుని రూమ్ మార్చమని అడగకండి.

బుకింగ్ మొదలుపెట్టే ముందు నవంబరు మూడో వారానికి జరపడం కుదురుతుందో లేదో చూసుకుని ఇక్కడే రాయండి. ఆ రోజుల ఆటుపోట్ల పట్టిక చూసి, ఏ సాయంత్రం ఎన్ని గంటలకు లగూన్ దగ్గర ఉండాలో, అమ్మగారికి గాలి తగలకుండా కూర్చునే బెంచీ ఏ వైపు ఉందో చెప్తాను.